గజ్జెల ముక్క

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. నా బిడ్డ ఏడుస్తూ ఉంటుంది, పక్క గదిలోనే మనిషి ఉంటాడు, ఆ మనిషికి వినబడదు. జ్వరాలకు భయపడతాను, రోడ్డు దాటడానికి భయపడతాను, గ్యాస్ పొయ్యికి భయపడతాను. వాటికి ఏదో ఒక జాగ్రత్త ఉంటుంది. పిలుపు వినబడకపోతే ఏ జాగ్రత్త తీసుకోవాలో నాకు తెలియదు.

నా పేరు మృదుల. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే సందులో, మొదటి అంతస్తులో, ఖరీదైన హెడ్‌ఫోన్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఆగిపోయినదాన్ని. పెట్టెల మీది ఇంగ్లీషు అంకెలు, వంకర గీతల బొమ్మలు నాకు అర్థం కావు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. మూడేళ్ల కింద తుడిచి సర్దడానికని నన్ను పెట్టుకున్నారు. ఒకరోజు గిరాకీ లేనప్పుడు మా సేఠ్ వెంకటేశం గారు రెండు హెడ్‌ఫోన్లు వినిపించి తేడా చెప్పమన్నారు.

"ఒకదాంట్ల డప్పు కడుపుల తగుల్తుంది సేఠ్. ఇంకోదాంట్ల చెవిదాకనే వచ్చి ఆగుతుంది" అన్నాను.

ఆయన కాసేపు నా వైపు చూసి, "ఇగ గిరాకీలకు నువ్వే చెప్పు. నేను చెప్తే డాక్టర్ చీటీ చదివినట్టు ఉంటది" అన్నారు.

అప్పటినుంచి ప్రతి హెడ్‌ఫోన్ పక్కన ఉండే అట్ట మీద రాత నాదే. 'గజల్ పాడేటామె ఊపిరి తీసుకోవడం ఇందులో తెలుస్తుంది.' 'సినిమా బీటుకు మంచిది. వీణకు వద్దు.' 'మృదంగం ఎడమ చెయ్యి, కుడి చెయ్యి విడివిడిగా వినబడతాయి.' ఇలా రాస్తాను. కొందరు నవ్వుకుంటారు, కొందరు ఫోటో తీసుకుంటారు. వాటి అసలు పేర్లకు నోరు తిరగదు కాబట్టి మేం మా పేర్లతోనే పిలుచుకుంటాం. చెవిని మొత్తం మూసేసి బయటి చప్పుడు రానివ్వని రకం డబ్బా. వెనక సన్నటి ఇనుప వల ఉండి, పాట బయటికి, బయటి చప్పుడు లోపలికి వచ్చే రకం జాలీ. డప్పుకు, బీటుకు డబ్బా. గొంతుకు, వీణకు, వయొలిన్‌కు జాలీ. పది పాటలు వినిపించి చెప్పినా చివరికి తేలేది ఇదే.

వినిపించడానికి మా దగ్గర ఐదు రికార్డు ముక్కలు ఉంటాయి. డప్పు ముక్క, గజల్ ముక్క, వీణ ముక్క, బీటు ముక్క, చివరికి గజ్జెల ముక్క. ఎవరో నాట్యం చేస్తుంటే కాళ్ల గజ్జెలు మాత్రమే పట్టిన రికార్డు అది, ఒక్క నిమిషం. హెడ్‌ఫోన్ మంచిదైతే ఒక్కో మువ్వ వేరుగా రాలుతుంది. ఇంకే వాయిద్యం ఉండదు.

ఆ ముక్క గురించి మొదటి వారమే సేఠ్ ఒక మాట చెప్పారు. "అరవై దాటినోళ్లకు గజ్జెలు పెట్టకు."

"ఎందుకు సేఠ్?"

"సన్నటి సప్పుడు ముందుగాల పోతది ఆ వయసుల. వాళ్లకు ఎరుకుండదు. నువ్వు గజ్జెలు పెడ్తివనుకో, ఏం వినరాదు. ఇగ మనసు ఖరాబ్ చేసుకుంటరు, కొనకుండ లేచిపోతరు. నాలుగు ముక్కలతోనే కానియ్యి."

నాకు అది మర్యాదగానే అనిపించింది. మూడేళ్లలో ఎంతమంది పెద్దవాళ్లకు ఆ ఐదో ముక్క దాటేశానో లెక్క లేదు.

మేం ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద ఒక గది, వంటిల్లు. కింద ఇల్లుగలవాళ్లు, బుచ్చిబాబు గారు, వసుమతి ఆంటీ. వాళ్ల పెద్దలది తెనాలి వైపు. అంకుల్ లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయారు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఆంధ్రాదే. నా బిడ్డ కీర్తికి మూడున్నరేళ్లు. సందు చివర నర్సరీ పన్నెండింటికి వదిలేస్తారు. నేను వచ్చేసరికి ఆరున్నర. మా ఆయన విజయేందర్ కోర్టుల ఎదురుగా జిరాక్స్ దుకాణంలో ఉంటాడు, మధ్యాహ్నం కదలడానికి వీలుండదు. రెండేళ్లుగా కీర్తిని చూసింది ఆంటీనే. మొన్న సంక్రాంతి సెలవులయ్యాక ఆమె చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే రెండు నెలలకని గుడివాడ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "మీ అంకుల్ ఉన్నారుగా. ఖాళీగా కూచోవడమే కదా ఆయన ఉద్యోగం. నాకన్నా బాగా చూస్తారు" అంది.

నిజంగానే బాగా చూశారు. బడి నుంచి తీసుకొచ్చేవారు, అన్నంలో పప్పు మెత్తగా పిసికి పెట్టేవారు, పాపకు తాళం వేయడం నేర్పేవారు. ఆది తాళం వేళ్లు లెక్కపెడుతూ కీర్తి నా తొడ మీద కొడుతుంటే నాకు నవ్వొచ్చేది.

ఒక ఆదివారం ఆయన మా దుకాణానికి వచ్చారు. ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు చూడ్డానికి వస్తుంటారు. ఆరోజు చేతిలో సంచితో మెట్లెక్కి పైకి వచ్చేశారు.

"ఏమ్మా మృదులా, ఇదా నీ రాజ్యం" అన్నారు.

"రండి అంకుల్. పుస్తకాలు దొరికినయా?"

"దొరికాయి. చదవడానికి కళ్లజోడు దొరకాలి. మీ ఆంటీ లేకపోయేసరికి ఇల్లంతా చెవిలో దూది పెట్టుకున్నట్టుందమ్మా. పాత కచేరీలు బోలెడు ఫోన్‌లో ఎక్కించుకున్నాను. ఫోన్‌లో వింటే దోమ పాడినట్టుంది. ఏదైనా మంచిది చూపించు."

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అంతకు ముందు రాత్రి కీర్తికి జ్వరం, నాకు నిద్ర లేదు. కళ్లు మండుతున్నాయి. ముందు జాలీ పెట్టి వీణ ముక్క వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు.

"ఎట్లుంది అంకుల్?"

"వీణ ఉంది. మీటు లేదు. గోరు తీగను తాకే చప్పుడు ఉండాలి కదా, అది వినబడ్డం లేదు. పైగా కింద ఆటో హారన్లన్నీ కచేరీలో కలిశాయి."

ఆ మీటు కోసమే నేను జాలీని మెచ్చుకుంటాను. నా చెవికి అది చింతగింజ పగిలినట్టు వినబడుతుంది. కానీ పెద్దవాళ్లంతా అదే మాట అంటారు. దానికి మా దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "అయితే మీకు ఇది సరిపోతది" అని డబ్బా ఇస్తాం. అలవాటుగా అదే అన్నాను, అదే ఇచ్చాను. నల్లటి డబ్బా, ఆరు నెలల నుంచి ఎవరూ అడగని రకం. ధ్వని కొంచెం పెంచి పెట్టాను. పెంచితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. అది కూడా మా పనిలో భాగమే.

అదే వీణ ముక్కలో మృదంగం మొదలవగానే ఆయన ముఖం విప్పారింది. చెయ్యి తొడ మీదికి వెళ్లి తాళం వేస్తోంది.

"అబ్బ, ఇది కదా. ఇందులో అసలు లోకమే లేదమ్మా" అన్నారు గట్టిగా. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు అందరూ అలాగే గట్టిగా మాట్లాడతారు.

గల్లా దగ్గర నుంచి సేఠ్ నాకు కనుసైగ చేశారు. డప్పు అయింది, గజల్ అయింది, బీటు ఆయనే వద్దన్నారు. గజ్జెలు నేను పెట్టలేదు. అరవై ఎనిమిదేళ్లు ఆయనకు. పెట్టె కట్టి ఇచ్చాను.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఇంటికి ఫోన్ చేశాను. రోజూ చేస్తాను. ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను.

"నిద్రపోయుంటరు. ఫికర్ చెయ్యకు" అన్నారు సేఠ్.

"అంకుల్ పండుకుంటే పాపైన ఎత్తుతది సేఠ్. దానికి ఫోనంటే పానం."

"పో, పోయి రా. నీ మొఖం జూస్తే గిరాకీ మెట్ల మీదికెల్లే వాపస్ పోయేట్టుంది."

ఆటో స్టేషన్ రోడ్డులో ఇరుక్కుంది. దిగి నడిచాను. నడిచానని అంటున్నాను కానీ పరుగెత్తి ఉంటాను, చెప్పు తెగింది. గేటు తీస్తుంటేనే దబ్బు దబ్బుమని చప్పుడు వినబడింది. ముందు గదిలో బుచ్చిబాబు గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, కళ్లు మూసుకుని, చెవులకు నల్ల డబ్బా. చెయ్యి తొడ మీద మెల్లగా లేస్తోంది, పడుతోంది. పక్క స్టూలు మీద ఇంట్లో వాడే చిన్న ఫోన్, తెర మీద నా పేరు.

చప్పుడు స్నానాల గది నుంచి వస్తోంది. కీర్తి లోపల గొళ్లెం పెట్టుకుంది. మగ్గుతో తలుపు కొడుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఏడుపు జీరగా వస్తోంది. ప్లాస్టిక్ తలుపు. భుజంతో రెండుసార్లు నెట్టితే గొళ్లెం మరలు ఊడిపోయాయి. ఫ్రాకంతా తడిసి ఉంది. నా మెడ పట్టుకుని, "తాతను పిల్చిన మమ్మీ. మస్తు పిల్చిన" అంది.

నా నీడ పడ్డాక ఆయన కళ్లు తెరిచారు. "ఎప్పుడొచ్చావమ్మా" అని నవ్వబోయి, పాపను చూసి, హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పాప ఎంతసేపటి నుంచి పిలుస్తోందో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

"నిద్రపోతోంది కదా అని పెట్టుకున్నానమ్మా. ఇప్పుడే పెట్టుకున్నాను. ఇదిగో, ఈ దరిద్రపుది చెవిలో ఉంటే..." దాన్ని పెట్టెలో పెట్టేసి, ఇక ముట్టనని చెప్పారు.

సాయంత్రం విజయేందర్ విని, "మంచిగ అమ్మినవ్ పో. లోకం వినరాకుండ జేసే డబ్బ, మన బిడ్డను జూసే మనిషికి" అన్నాడు.

"నాకేం తెలుసు పాపున్నప్పుడు పెట్టుకుంటడని?"

"సరే తీయ్. వాపస్ ఇప్పియ్యి, అయిపాయె."

తప్పు డబ్బాది అని అందరం అనుకున్నాం. అంకుల్ అనుకున్నారు, మా ఆయన అనుకున్నాడు. నాకూ కొంచెం ప్రాణం కుదుటపడింది. వస్తువు తప్పయితే మార్చుకోవచ్చు.

గురువారం నాకు సెలవు. కింద అరుగు మీద అంకుల్ కుర్చీ వేసుకుని గోరుచిక్కుడు తుంచుతున్నారు, నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నాను. కీర్తి కాళ్లకు పట్టీలు ఉన్నాయి, మా అమ్మ పెట్టింది, ఒక్కోదానికి తొమ్మిది మువ్వలు. అది ఆయన కుర్చీ వెనక రెండు కాళ్లతో గెంతుతోంది. ఘల్లు ఘల్లుమని నాకైతే తల నొప్పి పుడుతోంది.

ఆయన చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని వీధి వైపు చూస్తూ, "పాప ఏదమ్మా? చప్పుడే లేదు" అన్నారు.

కీర్తి వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుంటే, "దొంగా, పిల్లిలా వచ్చావే" అని నవ్వారు. కాసేపటికి లోపల కుక్కర్ కూసింది. ఒకటి, రెండు, మూడు. ఆయన తల ఎత్తలేదు. నేనే వెళ్లి పొయ్యి ఆపాను.

వంటింట్లో నిలబడి ఆలోచిస్తే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ ఇంట్లో గేటు చప్పుడైతే "చూడండి, ఎవరో వచ్చారు" అనేది ఆంటీ. ఫోన్ మోగితే తెచ్చి చేతిలో పెట్టేది ఆంటీ. కుక్కర్, పాలవాడి బెల్లు, పాప ఏడుపు, అన్నీ ఆంటీనే. అన్నేళ్లుగా ఆ ఇంటికంతటికీ విన్నది ఆమె. ఆయనకు ఆమె చెప్పింది. ఆయనకు వినబడటం లేదని ఆమెకు తెలియదు, ఆయనకూ తెలియదు. మా దుకాణంలో ఐదో ముక్క ఒక్క నిమిషం పెట్టి ఉంటే ఆ ఆదివారమే నాకు తెలిసేది.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. శుక్రవారం, శనివారం కూడా కీర్తిని ఆయన దగ్గరే వదిలి పనికి వెళ్లాను. చెప్తే ఆయన ఇక చూడనంటారు. చూడనంటే నా పని పోతుంది. అరగంటకొకసారి ఫోన్ చేశాను. కీర్తికి ఫోన్ జేబులో పెట్టుకోవడం నేర్పాను. స్నానాల గది గొళ్లెం మళ్లీ బిగించనివ్వలేదు. దుకాణంలో ఎవరికో వయొలిన్ వినిపిస్తూ వినిపిస్తూ నిలబడే కళ్లు మూతలు పడ్డాయి.

ఆదివారం పాపను విజయేందర్‌కు అప్పగించి, డబ్బా మార్పిద్దామని అంకుల్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. సేఠ్ ముఖం ముడిచారు.

"ఆర్నెల్లకు పోయిన పీసు మల్ల తెచ్చినవా?"

"జాలీ ఇద్దాం సేఠ్. అంకుల్ వినేది వీణ, గొంతు. డబ్బా డప్పుకు మంచిది, వీణకు కాదు. నేనే తప్పు ఇచ్చిన."

"ఇప్పుడు యాదికొచ్చిందా నీకు?"

"ఔ సేఠ్. ఇప్పుడే."

ఆయన చెయ్యి ఊపి ఊరుకున్నారు. అంకుల్‌ను అదే కుర్చీలో కూర్చోబెట్టి జాలీ పెట్టాను. ఇందులో పక్కవాళ్లు పిలిస్తే తెలుస్తుంది కాబట్టి ఇది మంచిదని చెప్పాను. ఆయన బుద్ధిగా తల ఊపారు. వీణ విన్నారు. గజల్ విన్నారు. గజల్‌లో గొంతు బాగుందన్నారు. అప్పుడు గజ్జెల ముక్క పెట్టాను.

గల్లా దగ్గర సేఠ్ తల ఎత్తి నన్ను చూశారు. వద్దన్నట్టు వేలు ఆడించారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. జాలీలోంచి బయటికి మువ్వలు సన్నగా రాలుతున్నాయి, రెండడుగుల దూరంలో నాకు వినబడుతున్నాయి. అంకుల్ ఓపికగా కూర్చున్నారు. చెయ్యి తొడ మీద సిద్ధంగా ఉంది.

"ఇంకా మొదలవలేదేం అమ్మా?"

"మొదలైంది అంకుల్."

ఆయన హెడ్‌ఫోన్‌ను చేత్తో చెవికి నొక్కుకున్నారు. "వైరు ఊడిందేమో చూడు."

ఊడలేదు. తీసి నా చెవులకు పెట్టుకున్నాను. ఆయన నా ముఖమే చూస్తున్నారు. నేను వేలితో గాలిలో ఆ అడుగులు కొట్టాను, మువ్వ పడ్డప్పుడల్లా ఒకటి. ముప్పై ఏళ్లు కచేరీలు విన్న మనిషి. నా వేలు లయ తప్పడం లేదని ఆయనకు తెలిసిపోయింది. ముక్క అయిపోయేదాకా అలాగే చూశారు.

"ఏముంది అందులో?" అన్నారు.

"గజ్జెలు అంకుల్."

ఆయన కింద రోడ్డు వైపు చూస్తూ చాలా మెల్లగా, "పాప పట్టీలు మోగుతాయా?" అని అడిగారు.

"మోగుతయి అంకుల్."

"నేను వాటిని ఉత్త గొలుసులనుకున్నానే." ఆయన సంచి తీసుకుని లేచారు, మళ్లీ కూర్చున్నారు. "బుధవారం తప్పు ఆ డబ్బాది కాదన్నమాట."

సేఠ్ గల్లా వదిలి వచ్చి నీళ్ల గ్లాసు ఇచ్చారు. "నాకు గూడ వినరాదు సార్ గజ్జెలు. ఏడేండ్లాయె. గందుకే గీ పిల్లను గిరాకీల కాడ పెట్టిన" అన్నారు. మూడేళ్లుగా నాకు ఆ సంగతి తెలియదు.

బుచ్చిబాబు గారు నీళ్లు తాగి, "రేపట్నించి పాపను నా దగ్గర వదలకమ్మా" అన్నారు. నేను భయపడ్డ మాట అదే. విన్నాక భయం ఏమీ పెరగలేదు.

ఇప్పుడు కీర్తి మధ్యాహ్నాలు మా దుకాణంలోనే ఉంటోంది. విజయేందర్ తన దుకాణంలో అరగంట అడుక్కుని, నర్సరీ నుంచి తెచ్చి మెట్ల కింద దింపి పరుగెత్తుతాడు. ఆంటీ వచ్చేదాకా అని సేఠ్ ఒప్పుకున్నారు. గిరాకీలు కూర్చునే గదిలో మూలన ఖాళీ పెట్టెలతో ఆడుకుంటుంది. దాని పట్టీల చప్పుడు వీణ ముక్కలో కలుస్తుందని ఒకాయన విసుక్కున్నాడు. పట్టీలు తీసెయ్యమని సేఠ్ అన్నారు. తీయలేదు.

అంకుల్‌కు చెవుల పరీక్షకు వచ్చే సోమవారం చీటీ దొరికింది. ఆంటీ రావడానికి ఇంకా పదహారు రోజులు. ఆమెకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. చెప్తే చెల్లెలిని వదిలేసి వచ్చేస్తుందట. జాలీ తీసుకెళ్లారు కానీ పెట్టుకోవడం లేదు. ఫోన్ ఎత్తడం లేదు. మోగేది తెలియక ఎత్తడం లేదో, తెలిసీ ఎత్తడం లేదో నాకు అర్థం కావడం లేదు. మధ్యాహ్నం చారు వేడి చేసుకుని పడుకునే అలవాటు ఆయనకు. నా బిడ్డ ఇక్కడ నా కళ్ల ముందే ఉంది. అయినా మూడయ్యేసరికి నా చెయ్యి ఫోన్ మీదికే పోతోంది.

అందుకని అడుగుతున్నాను. మీరు రెండింటికీ ఆరింటికీ మధ్య నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తే, వెనక సందులో ఎడమ పక్క నాలుగో ఇల్లు, నీలం గేటు. గేటు కొట్టకండి, గంట నొక్కకండి, వినబడదు. గడియ పెట్టి ఉండదు, తీసుకుని లోపలికి వెళ్లండి. ముందు గదిలో కుర్చీలో ఉంటారు. వెనక నుంచి వెళ్తే ఉలిక్కిపడతారు, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపండి. మృదుల పంపిందని చెప్పండి, కొంచెం గట్టిగా. వచ్చేటప్పుడు వంటింట్లోకి తొంగి చూసి పొయ్యి ఆపి ఉందో లేదో చూడండి. ఆరున్నరకు నేను వచ్చేస్తాను.